అమ్మను బయటికి పంపే పాఠం

పత్తికొండలో టమాటా మార్కెట్టుకు దగ్గర్లో నాకొక చిన్న క్లినిక్ ఉంది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే కూర్చుని జ్వరాలు, విరేచనాలు, తేలుకాట్లు, మోకాళ్ల నొప్పులు చూస్తున్నాను. ఎంబీబీఎస్ అయ్యాక నేను పుస్తకం తెరిచింది లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడే వయసు కూడా దాటిపోయింది. నాకు కొత్త వైద్యం నేర్పే గురువు మందుల కంపెనీ మనిషి. నెలకోసారి వచ్చి, నిలబడ్డ రెండు నిమిషాల్లో నేర్పాల్సింది నేర్పి, ఒక పెన్ను చేతిలో పెట్టి పోతాడు.

అయితే ఈ గురుకులం మీద పైవాళ్లకు నమ్మకం లేదు. డాక్టరన్నవాడు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాలి. అందుకు ఈ మధ్యకాలంలో తాను చదువుకున్నట్టు సర్టిఫికెట్లు చూపించాలి. సదస్సులో ఇన్ని గంటలు కూర్చుంటే ఇన్ని క్రెడిట్లని లెక్క. నా గడువు ముంచుకొచ్చాక బీరువాలో వెతికితే రెండు సర్టిఫికెట్లు దొరికాయి. అందులో ఒకటి ఎలుక సగం చదివేసింది.

ఆ వారంలోనే కర్నూలులో ఒక సదస్సు ఉందని ఫోన్లో సందేశం వచ్చింది. 'పిల్లలు, కౌమారదశలోని వారి ఆరోగ్యం - కుటుంబ వైద్యులకు ఒకరోజు నిరంతర విద్య'. నందికొట్కూరులో క్లినిక్ నడిపే నా క్లాస్‌మేట్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమప్పా, వస్తాండావా?"

"పిల్లల గురించి నాకేం తెలుసని రావాల?"

"తెలిసినోడు యాల వస్తాడప్పా? పొద్దున ఒక సంతకం, మాపున ఒక సంతకం. నడిమధ్యలో బిర్యానీ. రా గమ్మున."

అట్లా నా నిరంతర విద్య మొదలైంది.

ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి కర్నూలులో దిగి, షేర్ ఆటోలో కల్లూరు వైపు కొత్తగా కట్టిన హోటల్‌కు చేరాను. గుమ్మంలోనే ఒక సంచి ఇచ్చారు. సంచి మీద ఒక పాల పొడి కంపెనీ బొమ్మ. అందులో ఎర్రగా బుర్రగా నవ్వుతున్న పిల్లవాడి బుగ్గలను నేను మా జిల్లాలో ఇంతవరకు చూడలేదు. లోపల ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, ఒక చాక్లెట్. పిల్లల దంతాలను చాక్లెట్లు ఎట్లా నాశనం చేస్తాయో చెప్పే కరపత్రం కూడా ఆ చాక్లెట్ పక్కనే ఉంది.

వేదిక మీద పదిమందికి పైగా కూర్చున్నారు. వాళ్ల జుట్టు చూస్తే ఇది పిల్లల సదస్సా, ముసలివాళ్ల సదస్సా అని అనుమానం వచ్చింది. జ్యోతి వెలిగించడానికి ఫ్యాన్లు ఆపారు. జ్యోతి వెలగలేదు. ఏసీ కూడా ఆపారు. చివరికి జ్యోతి వెలిగింది గానీ అప్పటికి వేదిక మీద పెద్దలంతా తడిసి ముద్దయ్యారు. తర్వాత శాలువాలు. కర్నూలు ఎండలో, ఏసీ ఆపిన హాల్లో, ఒక మనిషికి ఉన్ని శాలువా కప్పడం సన్మానమో శిక్షో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం కష్టమే. ఒక్కొక్క పెద్ద లేచి, తాను క్లుప్తంగా మాట్లాడతానని వివరంగా చెప్పాడు.

ఇదంతా అయ్యేదాకా వేదిక పక్కన ఒక మూల కుర్చీలో తొమ్మిదేళ్ల పాప కూర్చుని ఉంది. నాట్యం దుస్తులు, బిగుతు జడ, కాళ్లకు గజ్జెలు, కళ్లకు మందంగా కాటుక, పెదాలకు ఎర్రరంగు. నిర్వాహకుల్లో ఒకరి మనవరాలట. స్వాగత నృత్యం చేయడానికి తెల్లవారుజామున లేపి తయారుచేసి తెచ్చారు. స్వాగతం పలకవలసిన పాప అందరూ వచ్చి, అందరూ మాట్లాడి, అందరికీ శాలువాలు పడ్డాక వేదిక ఎక్కింది. పాట మొదలైంది. నాలుగు అడుగులు వేసి, చేతులు పైకెత్తి, అట్లాగే మెల్లగా కిందికి కూలిపోయింది.

అరవైమంది డాక్టర్లం ఒక్కసారి లేచాం. ఆ పాప చేసిన పాపమేమిటో గానీ, జిల్లాలోని వైద్యమంతా ఆమె మీద పడింది. ఒకరు నాడి పట్టారు. ఒకరు కనురెప్ప కిందికి లాగి రక్తం తక్కువన్నారు. ఒకరు మూర్ఛ కావచ్చన్నారు. గుండె పరీక్ష చేయించాలని ఒక పెద్దాయన వేదిక మీదనుంచే చెప్పాడు. నేనూ తక్కువ తినలేదు. ఎలక్ట్రొలైట్లు చూడాలన్నాను. పాప తల్లి ఏడుస్తూ అందరికీ జవాబులు చెబుతోంది. అంతలో హోటల్లో గ్లాసులు తీసే ఒక నడివయసు ఆడమనిషి మా భుజాల మధ్యనుంచి దూరి వచ్చి, పాప పక్కన గొంతుక్కూర్చుని, "ఏం తిన్యావమ్మా పొద్దున?" అని అడిగింది.

"ఏం తినల్యా. పెదాల రంగు చెరిగిపోతాదని అవ్వ తిననీల్యా" అంది పాప.

ఆమె మజ్జిగ తెచ్చింది, అరటిపండు తెచ్చింది. పావుగంటలో పాప లేచి కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుకుంటూ గజ్జెలు మోగించింది. మేం మా మా స్థానాల్లో కూర్చుని, ఆ పావుగంట ఆలస్యానికి సదస్సును ఎట్లా కుదించాలో చర్చించుకున్నాం.

మధ్యాహ్నం దాకా రెండు ప్రసంగాలు జరిగాయి. మొదటిది పెద్ద నగరంనుంచి వచ్చిన ఆచార్యుడిది. ఆయన చెప్పిన జబ్బుకు పేరు ఎంత పొడవంటే, తెరమీద ఒక వరుసలో పట్టలేదు. "ఈ జబ్బు మీరు మీ జీవితంలో ఒక్కసారి చూడవచ్చు, చూడకపోనూ వచ్చు" అన్నాడు. అందరం శ్రద్ధగా రాసుకున్నాం. రెండో ప్రసంగం పిల్లలు ఫోన్లు చూడటం వల్ల వచ్చే నష్టాల గురించి. అది విన్నవాళ్లెవరో నాకు తెలియదు. నా వరసలో అందరూ తల వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. నేను వాళ్లను గమనించానంటే నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందని అర్థం.

బిర్యానీ తర్వాత హాలు ఖాళీ అయింది. కార్లున్నవాళ్లలో చాలామంది కార్లెక్కారు. సాయంత్రం సంతకం కావాల్సిన వాళ్లం, బస్సు టైం కాని వాళ్లం ఒక పన్నెండుమందిమి మిగిలాం. నందికొట్కూరు మిత్రుడు చివరి వరసలో మూడు కుర్చీలు కలుపుకుని పడుకున్నాడు.

ఆ సమయంలో వేదిక ఎక్కింది కడప వైపు నుంచి వచ్చిన పిల్లల డాక్టరమ్మ. నలభై ఏళ్లుంటాయేమో. నేత చీర, భుజానికి గుడ్డ సంచి. ఆమె వంతు వచ్చేసరికి తెరమీద బొమ్మ రాలేదు. మైకు కూడా గొంతు పోగొట్టుకుంది. ఆమె రెండింటినీ వదిలేసి కిందికి దిగి మా ముందు నిలబడింది.

"పొద్దున పాప పడిపోయినప్పుడు నేను ఎనక నిలబడి చూస్తా ఉంటి. ఇంతమంది డాక్టర్లలో ఆ బిడ్డతో ఒక్కరన్నా మాట్లాడినారా సార్? మాట్లాడింది గ్లాసులు తీసే అక్క. ఆమెకు క్రెడిట్లు ఇస్తారేమో కనుక్కోండి" అంది.

ఎవరూ నవ్వలేదు. బిర్యానీ అరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"సరే, ఒక ఆట ఆడదాం. నేను పద్నాలుగేళ్ల పిల్లను. కడుపునొప్పితో వచ్చినా." వేలు నావైపు చూపించింది. "మీరు డాక్టరు. ఆ పడుకున్న సారును లేపండి, ఆయన మా అమ్మ."

మిత్రుణ్ని లేపారు. అతనికి విషయం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది గానీ, అర్థమయ్యాక మాత్రం బ్రహ్మాండంగా చేశాడు. జేబురుమాలు నెత్తిన కప్పుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. డాక్టరమ్మ తల వంచుకుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ పక్కన కూర్చుంది.

"ఎన్ని దినాల నుంచి నొప్పి?" అన్నాను.

"నెలాయ సార్" అన్నాడు మిత్రుడు.

"యాడ నొప్పి?"

"బొడ్డు తావ సార్."

"తిండి తింటాందా?"

"ఏం తింటాది సార్! పొద్దుగూకులూ ఆ ఫోన్లోనే సస్తాది. చెప్పండి సార్ కొంచెం, మీ మాటైతే వింటాది."

నేను చెప్పాను. బాగా చదువుకోవాలన్నాను, ఫోన్ తగ్గించాలన్నాను, ఆకుకూరలు తినాలన్నాను, అమ్మ మాట వినాలన్నాను. నాలుక చాపమని చూశాను. గ్యాస్ మాత్ర, నులిపురుగుల మందు, బలం మందు రాసి కాగితం మిత్రుడి చేతిలో పెట్టాను. మొత్తం మూడు నిమిషాలు. మా ఊర్లో నేను తీసుకునేదానికంటే ఎక్కువే. హాల్లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

డాక్టరమ్మ తలెత్తింది. "సార్, మీరు అడిగినవన్నీ మా అమ్మనే అడిగినారు. నాకు చెప్పింది ఒక్కటే, నాలుక చాపమని. ఇంతకీ నా పేరేంది సార్?"

నేను అడగలేదు. పన్నెండుమందీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అమ్మ వేషంలో ఉన్న నా మిత్రుడు.

తర్వాత ఆమె చెప్పింది అరగంట పాఠం. పది పన్నెండేళ్లు దాటిన పిల్లలు వస్తే ముందు తల్లిదండ్రుల మాట వినండి. ఆ తర్వాత వాళ్లను కాసేపు బయట కూర్చోమనండి. మగ డాక్టరైతే ఆడ నర్సును కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో కూర్చోబెట్టండి. నువ్వు చెప్పింది మీ అమ్మకు చెప్పను, నీకు ప్రమాదముంటే మాత్రం చెప్పాల్సి వస్తుందని పిల్లకు మొదటే చెప్పండి. ఇల్లు, బడి, తిండి, నిద్ర, స్నేహాలు, మనసు, అన్నిటి గురించి అడగండి. "అడిగినాక గమ్మునుండండి. మన డాక్టర్లకు శానా కష్టమైన పని అదే" అంది.

సర్టిఫికెట్ తీసుకుని బయటికొచ్చాం. అందులో నా ఇంటిపేరు తప్పు పడింది. నాకు అప్పటికే మండిపోతోంది. మిత్రుడి కారు దగ్గర నిలబడి ఆమె మీద ఇద్దరం కసి తీర్చుకున్నాం.

"అమ్మను బయటికి పంపాలంట! మన తావ అమ్మ బయటికి పోతాదా? మన్నే తోలుతాది" అన్నాడు.

"దినానికి డెబ్బైమంది పేషెంట్లు. ఒక్కొక్కరి పేరడిగి, ఊరడిగి, మనసడిగి... ఆమెకేమప్పా, నెలజీతం" అన్నాను.

ఆమె చెప్పింది తప్పని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

పదిహేను రోజుల తర్వాత ఒక గురువారం, ఓపీ రద్దీగా ఉన్నప్పుడు, దగ్గరి పల్లెనుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి టమాటా తోటల్లో కూలికి పోయే మనిషి. కూతురు తొమ్మిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, తల వంచుకుని ఉంది. కడుపునొప్పి, తలనొప్పి, మూత్రంలో మంట. వాళ్లు నా దగ్గరికి రావడం అది ఐదోసారి. తల్లి పాత చీటీలన్నీ ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని తెచ్చింది. బల్ల మీద పరిచింది. అన్నీ నా చేతిరాతే. గ్యాస్ మాత్ర, నులిపురుగుల మందు, బలం మందు. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు మందు. ఒక చీటీ మూల 'పరీక్షల భయం' అని నేనే రాశాను. అది రాసిన నెల వేసవి సెలవుల తర్వాతి నెల. ఆ నెలలో ఏ పరీక్షలూ ఉండవు.

"సార్, మూడు దినాలాయ మళ్లా. బడికి పోనంటాది. అన్నం తినదు" అని తల్లి మొదలుపెట్టింది. నా పెన్ను దానంతటదే గ్యాస్ మాత్ర రాయడానికి వంగింది. అప్పుడు నాకు కడప డాక్టరమ్మ మీద కోపం గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను చేసిన పని మంచితనంతో చేసింది కాదు. ఆమె చెప్పింది మా ఊర్లో నడవదని రుజువు చేసి, సాయంత్రం మిత్రుడికి ఫోన్ చేసి చెప్పుకోవాలని చేశాను.

"అమ్మా, నువ్వు కొంచేపు బయట కూర్చో. పాపతో మాట్లాడాల" అన్నాను.

తల్లి మొహం పాలిపోయింది. "యాల సార్? ఏమన్నా పెద్ద రోగమా?"

"రోగమేం ల్యా. కూర్చోమ్మా."

"రోగం లేకుంటే నాకెందుకు చెప్పరు సార్? గడ్డ గానీ ఉండాదా? అయ్యో దేవుడా..."

ఆమె బయటికి పోయి బెంచీ మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్లు ఎందుకని అడిగారు. ఐదు నిమిషాల్లో క్లినిక్ బయట ఒక పిల్లకు కడుపులో గడ్డ ఉందని, కర్నూలు తీసుకుపోవాలని, అందరికీ తెలిసిపోయింది. నా నర్సును తలుపు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఆమెకు యాభై దాటాయి. ఆ పిల్ల ఊరిదే. తాతల కాలంనుంచి ఆ ఊరి చర్చికి పోయే కుటుంబం. ఆమె మొహం అటు తిప్పుకుని కూర్చుంది గానీ చెవులు ఎటు తిప్పిందో నేను చెప్పలేను.

"నీ పేరేమమ్మా?" అన్నాను. ఐదోసారి వచ్చిన పేషెంటును.

చెప్పింది. డాక్టరమ్మ చెప్పమన్న మాటలు చెప్పాను. అప్పజెప్పినట్టే చెప్పాను, తడబడుతూ. తర్వాత బడి ఎట్లా ఉందని అడిగాను. బాగుండాదంది. ఇల్లు బాగుండాది. స్నేహితులు బాగుండారు. అన్నీ బాగున్న పిల్లకు మూత్రంలో మంట ఎందుకొచ్చిందో నాకు తెలియలేదు. "పొద్దున లేసినప్పటి నుంచి పడుకునే దాకా నువ్వేం చేస్తావో చెప్పు" అని అడిగి నోరు మూసుకున్నాను.

ఎంతసేపో తెలియదు. మధ్యలో నాలుగుసార్లు నాకు ఆకుకూరల గురించి చెప్పాలనిపించింది. పేపర్‌వెయిట్ పట్టుకుని ఆపుకున్నాను.

"సార్, నేను నీళ్లు తాగను" అంది చివరికి.

"యాల?"

"తాగితే పోవాల కదా సార్. బడిలో పోనీకి తావు ల్యా."

బడిలో ఆడపిల్లలకు కొత్తగా మరుగుదొడ్లు కట్టారట. టైల్సు వేశారట. వాటికి తాళం వేసి ఉంటుంది. పెద్ద అధికారులు వచ్చినప్పుడు తీసి చూపిస్తారు, వాళ్లు పోగానే మళ్లీ వేస్తారు. పాత దాంట్లో ఒక తలుపుకు గడియ లేదు, ఇంకోదానికి తలుపే లేదు. అది మగపిల్లలు ఆడుకునే వైపు ఉంది. అందుకే పొద్దున ఆటో ఎక్కేముందు పోతే, సాయంత్రం ఇంటికొచ్చాకే. నెలసరి రోజుల్లో బడికే పోదు. తరగతిలో చాలామంది అంతేనంది. ఎండాకాలం మా దగ్గర కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. ఆ ఎండలో ఈ పిల్ల పొద్దంతా గుక్కెడు నీళ్లు తాగకుండా ఉంటోంది, నేను ఆమెకు నులిపురుగుల మందు పోస్తున్నాను.

"మీ అమ్మకు చెప్పలేదా?"

పిల్ల మొదటిసారి తలెత్తి నన్ను చూసింది. "చెప్తే బడి మానిపిస్తాది సార్. అక్కను అట్లనే మానిపించింది. మీరు చెప్పొద్దు సార్."

చెప్పనన్నాను. మూత్రపరీక్ష రాశాను. తల్లిని లోపలికి పిలిచి, గడ్డ ఏమీ లేదని, పెద్ద రోగం కాదని, నీళ్లు బాగా తాగాలని, మూత్రం ఆపుకోకూడదని చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ మాట చెప్పనీకేనా సార్ నన్ను బయటికి తోలింది? పానం పోయినంత పనాయ" అంది.

వాళ్లు పోయాక నర్సు స్టూలు లోపల పెట్టింది.

"విన్నావా?" అన్నాను.

"వినల్యా సార్. వినాల్సిన పని ల్యా. ఆ బడి సంగతి నాకు తెల్సు. నా మనవరాలు ఆడనే చదువుతాది."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఇన్నిసార్లు వచ్చినారు కదా!"

"మీరు అడగల్యా."

అంతే. తర్వాతి పేషెంటును పిలిచింది. మిత్రుడికి ఫోన్ చేయాలన్న కోరిక నాకు ఆ సాయంత్రం పుట్టలేదు.

నేను ధైర్యవంతుణ్ని కాను. బడికి పోయి నిలదీసే రకం అసలే కాను. కానీ ఆ బడి పెద్ద సారు నా దగ్గరికే వస్తాడు, చక్కెర వ్యాధికి. ఆ నెల కూడా వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూనే తన బాధ చెప్పుకున్నాడు.

"శానా ఇబ్బందిగా ఉండాది సార్. గంటకోసారి ఒంటికి పోవాల్సి వస్తాంది. పాఠం మధ్యలో కూడా లేసి పోతాండా."

"బడిలో యాడికి పోతారు సార్?"

"స్టాఫ్‌ది ఉండాది కదా."

"దానికి తాళం వేస్తే?"

ఆయన నవ్వాడు. "తాళం వేస్తే ఎట్లా సార్, మనిషన్నాక!"

"ఆడపిల్లలదానికి వేసినారంట కదా."

నవ్వు ఆగింది. "పిల్లలకు తెరిస్తే పాడు చేస్తారు సార్. నీళ్లు ల్యా, కడిగేవాళ్లు ల్యా. రేపు ఎవరైనా వచ్చి చూస్తామంటే ఏం చూపియ్యాల? అందుకే శుభ్రంగా పెట్టినా. మీకెవరు చెప్పినారు?"

పిల్ల పేరు బయటపడకూడదు. "కడప డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. అబద్ధమే గానీ పూర్తి అబద్ధం కాదు.

"కడపోళ్లకు మా బడి సంగతి ఏం తెలుసు సార్!" అని ఆయన విసుక్కున్నాడు.

నాకు ఆయన ఉద్యోగ స్వభావం తెలుసు. అటువంటివాళ్లు తిట్టినా భరిస్తారు, బతిమాలినా భరిస్తారు. కాగితాన్ని మాత్రం భరించలేరు. నా లెటర్‌హెడ్ తీసి, బడికి రాస్తున్నట్టుగా రాశాను. ఆడపిల్లల్లో మూత్ర ఇన్ఫెక్షన్లు చూస్తున్నానని, పొద్దంతా నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకోవడం కారణమని, మరుగుదొడ్లు బడి వేళల్లో తెరిచి ఉంచాలని. కింద సంతకం చేసి ముద్ర కొట్టాను. "ఒక నకలు నా దగ్గర ఉంటాది సార్" అన్నాను. ఆయన ఆ కాగితాన్ని తేలును పట్టుకున్నట్టు అంచులు పట్టుకుని మడిచాడు.

కాగితం ఒక్కటే అయితే అది ఏ ఫైల్లోనో హాయిగా నిద్రపోయేది. దాన్ని నిద్రపోనివ్వనిది మా నర్సు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లను నిలబెట్టి తన మనవరాలి కథ చెప్పిందట. చర్చికి వచ్చేవాళ్లకు వాళ్ల పక్కిళ్ల హిందువుల ఆడవాళ్లు తోడయ్యారు. సోమవారం తోటలకు పోయే పనిని ఒక పూట ఆపుకుని, చీపుర్లు, బక్కెట్లు, ఫినాయిలు పట్టుకుని పదిహేనుమంది బడికి పోయారు. మా నర్సు ఆ పూట సెలవు పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఈసారి మాత్రం అడగకపోవడం మంచిదైంది. జరిగిందంతా తర్వాత ఆమే చెప్పింది.

పెద్ద సారు కాదనలేకపోయాడు. సరే తీస్తానన్నాడు. కానీ పోయినసారి అధికారులు వచ్చిపోయాక తాళంచెవి ఎక్కడ పెట్టారో ఎవరికీ తెలియలేదు. బీరువా వెతికారు, సొరుగులు వెతికారు, ఆ మధ్య బదిలీ అయిపోయిన మాస్టరుకు ఫోన్ చేశారు. తాళంచెవి లేకుండా తాళం పగలగొట్టాలంటే పైనుంచి అనుమతి కావాలని పెద్ద సారు అన్నాడట. ఆడవాళ్లలోంచి ఒక మనిషి, "అనుమతి నేనిస్తా పో" అని, కిందనున్న గుండురాయి ఎత్తి మూడు దెబ్బల్లో తాళం పడగొట్టింది.

ఆ మనిషి ఎవరో కాదు, నా పేషెంటు తల్లి.

లోపల కమోడ్లకు చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదట. అధికారులకు చూపించని ఒక గదినిండా విరిగిన బల్లలు, పాత పుస్తకాల కట్టలు. ఆడవాళ్లు అవన్నీ మోసి బయట పడేశారు. కడిగారు. పాతదాని తలుపుకు గడియ పెట్టించారు. అప్పుడు ఆ తల్లి కూతురి క్లాసు కిటికీ దగ్గరికి పోయి, పాఠం జరుగుతుండగానే, "ఏమే, నీ నోట్లో మాట లేదా? ఇన్ని దినాలు చెప్పల్యా యాల?" అని కేకేసిందట. పిల్ల సిగ్గుతో బల్ల కింద దూరింది.

నేను భయపడినట్టు తల్లి బడి మానిపించలేదు. నర్సు అడిగితే, "పెద్దదాన్ని మానిపించి ఏడుస్తాండా. దీన్ని కూడానా?" అందట. కూలి మనిషి, చదువు లేదు, ఏం చెప్పినా అర్థం కాదని ఆమె గురించి నేను ఐదుసార్లు అనుకున్నాను. చీటీల మీద ఆ మాట రాయలేదు, అంతే.

మూడు నెలల్లో పిల్ల కడుపునొప్పి తగ్గింది. మూత్రపరీక్ష శుభ్రంగా వచ్చింది. ఆ రోజు తల్లి నాకొక సంచెడు టమాటాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈసారి నేను బయటికి పోను సార్" అని గట్టిగా కూర్చుంది. పోవాల్సిన పని లేకపోయింది. ఆ పిల్లే తల్లి ఎదుట నాకు అన్నీ చెప్పింది, తల్లి అడ్డం వచ్చినప్పుడల్లా "నువ్వుండుమా" అని ఆపుతూ.

కథ పూర్తిగా బాగుపడిందని చెప్పను. బడి మీది ట్యాంకుకు పైపు కలపాల్సి ఉంది. కలుపుతామని ఇద్దరు ముగ్గురు వచ్చి కొలతలు తీసుకుని, ఫోటోలు దిగి పోయారు. ఈలోగా ఆడపిల్లలు వంతులు వేసుకుని బోరింగు దగ్గరినుంచి బక్కెట్లతో నీళ్లు మోశారు. ఒకరోజు బడి ప్రార్థనలో అందరూ నిలబడి ఉన్నప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తి, మగపిల్లలకు వంతు ఎందుకు లేదని పెద్ద సారును అడిగిందట. ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు మగపిల్లలు మోస్తున్నారు.